గాలి హోరులో నాదస్వరం: టూరింగ్ బండికి కొత్త స్పీకర్లు, యాంప్లిఫయర్

నమస్కారమండీ. చంద్రగిరి కోట ఎదురుగా ఉన్నాను. ఇంకా ఎండ ఎక్కలేదు, రోడ్డు ఖాళీగా ఉంది. నా వెనక కనిపిస్తున్నది రాజమహల్, పక్కన ఉన్నది నా స్ట్రీట్ గ్లైడ్, హార్లీ డేవిడ్‌సన్ వాళ్ల టూరింగ్ మోటార్‌సైకిల్. నిన్న తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా హార్సిలీ హిల్స్‌కు వెళ్లి వచ్చాను. స్పీకర్లు, యాంప్లిఫయర్ మార్చి నాలుగు నెలలైంది. ఎండలో, వానలో, ఘాట్ మలుపుల్లో విన్నాకే వీడియో చేయాలని ఇన్నాళ్లూ ఆగాను.

పెద్ద శబ్దం కోసం నేను ఈ పని చేయలేదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో నాదస్వరం పలుకు, డోలు దెబ్బ విడివిడిగా వినిపించాలి. నాకు కావలసింది అంతే. అందుకు వాట్లు పెంచితే చాలదని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

కారులో తలుపులు, అద్దాలు మూసుకుంటే శబ్దం లోపలే ఉంటుంది. బండి మీద అలా కాదు. హెల్మెట్ చుట్టూ తిరిగే గాలి హోరులో బలమంతా కింది స్థాయి స్వరాల్లోనే ఉంటుంది. పాటలో బేస్ ఉండేదీ అక్కడే. అందుకే వేగం పెరిగేకొద్దీ మొదట మునిగిపోయేది బేసే. దాన్ని పైకి తేవాలని బేస్ పెంచుతాం. స్పీకరు కాగితంలా కొట్టుకుంటుంది, గొంతు కూడా పాడవుతుంది. నేను దీనికి ఎదురు పని చేశాను. యాంప్లిఫయర్‌లో ఫిల్టరు పెట్టి 100 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదాన్ని తగ్గించేశాను. అంతవరకూ బేస్ తినేసిన శక్తి ఇప్పుడు గొంతుకు, సన్నాయికి దక్కుతోంది. ఇంటి ముందు నిలబెట్టి వింటే కాస్త పలచగా అనిపిస్తుంది. రేణిగుంట రోడ్డెక్కి వింటే అదే సరైనదని తెలుస్తుంది.

ఇక డబ్బా మీది అంకెలు. పెద్ద అక్షరాలతో 300 వాట్లు అని రాసి ఉంటే అది క్షణకాలం తట్టుకునే శక్తి. కింద ఎక్కడో చిన్నగా ఆర్‌ఎంఎస్ అని ఉంటుంది, అంటే ఆగకుండా మోయగల శక్తి. చూడవలసింది దాన్ని. దానికన్నా ముఖ్యమైనది సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌లు పలుకుతుందో చెప్పే అంకె. 3 డెసిబెల్‌లు ఎక్కువ పలికే స్పీకరు తెచ్చుకుంటే యాంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. నా పాత స్పీకర్లు 89, కొత్తవి 93. రేడియో ఒక్కో స్పీకరుకు 25 వాట్లు ఇచ్చేది, ఇప్పుడు యాంప్లిఫయర్ 75 ఇస్తోంది. రెండూ కలిపి దాదాపు 9 డెసిబెల్‌లు పెరిగాయి. చెవికి ఇంచుమించు రెండింతలుగా తోస్తుంది. డబ్బు తక్కువగా ఉంటే ముందు మంచి స్పీకర్లే కొనండి.

బిగించడంలో రెండు విషయాలు దగ్గరగా చూపిస్తాను. ఇది మామూలు పెన్సిల్ సెల్లు. స్పీకరు వైర్లు రెండింటికీ ఇలా ఒక్క క్షణం తాకించండి. స్పీకరు ముందు కదిలే శంకువు బయటికి కదిలిందా, సెల్లు ప్లస్ తగిలిన వైరే ప్లస్. లోపలికి పోయిందా, తిరగేసి ఉన్నట్టు. రెండు స్పీకర్లలో ఒకటి తిరగబడితే ఉన్న కొంచెం బేస్ కూడా మాయమవుతుంది. చాలామంది అది స్పీకరు లోపమనుకొని వెనక్కి ఇచ్చేస్తారు. దయచేసి ముందు ఈ పరీక్ష చేయండి.

రెండోది వైరు. హార్లీదే ఇంకో బండి రోడ్ గ్లైడ్‌లో స్పీకర్లుండే ముందు తొడుగు, అంటే ఫెయిరింగ్, చట్రానికి బిగించి ఉంటుంది, హ్యాండిల్‌తో తిరగదు. స్ట్రీట్ గ్లైడ్‌లో తొడుగంతా హ్యాండిల్‌తో పాటే తిరుగుతుంది. నాకు మొదట బిగించిన దుకాణంలో వైరును బిగుతుగా లాగి కట్టారు. మూడో వారంలో హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పినప్పుడు అది నలిగి, తొక్క చీలి, ఫ్యూజు పోయింది. ఈ ముక్క చూడండి, రాగి పోగులు బయటికి వచ్చాయి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉంది కాబట్టి అక్కడితో ఆగింది. అదే లేకపోతే పెట్రోలు ట్యాంకు కింద వైరు కాలేది. ఇప్పుడు చేతివేలంత వదులు ఇచ్చి, పైన గొట్టం తొడిగించాను. ఇది మాత్రం ఎవరికి పని అప్పగించినా పక్కన నిలబడి చేయించుకోండి.

ఫ్యూజు లెక్క కూడా చెప్తాను. రెండు స్పీకర్లకు 150 వాట్లు. క్లాస్ డి యాంప్లిఫయర్, అంటే కరెంటు తక్కువ వృథా చేసే రకం, దానికి సుమారు 190 వాట్లు లాగుతుంది. 13.8 వోల్టుల దగ్గర అది 14 ఆంపియర్లు. నేను 20 ఆంపియర్ల ఫ్యూజు, దానికి తగిన మందం వైరు వేశాను. ఇంజను ఆపి పాటలు వినే అలవాటు ఉంటే మానుకోండి, బ్యాటరీ నిలవదు.

ఒక లోపం ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం, ట్రాఫిక్‌లో బండి కదలకుండా ఉన్నప్పుడు యాంప్లిఫయర్ వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది. గాలి తగిలాక పది నిమిషాల్లో మళ్లీ పలికింది. దాని వెనక వేలెడు ఖాళీ ఉండేలా మార్పించాక మళ్లీ ఆగలేదు.

ఖర్చు: స్పీకర్లు 14,000, యాంప్లిఫయర్ 22,000, వైర్లూ కూలీ కలిపి 5,500 రూపాయలు.

చెవుల గురించి కూడా చెప్పాలి. 85 డెసిబెల్‌లు 8 గంటలు వినవచ్చంటారు, 88 అయితే 4 గంటలే. ఆ హద్దు దాటడానికి గాలి హోరు ఒక్కటి చాలు, అందుకే నేను చెవుల్లో ప్లగ్గులు పెట్టుకునే నడుపుతాను. వాటితో పాట ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, నమ్మండి. ఊళ్లోకి రాగానే శబ్దం తగ్గిస్తాను. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల ముందు పూర్తిగా ఆపేస్తాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అలిపిరి దాటి కొండెక్కేటప్పుడు ఎలాగూ వేయను.

ఇప్పుడు రెండు రికార్డింగులు వినిపిస్తాను. మైకు హెల్మెట్ లోపల చెవి దగ్గర పెట్టాను. అదే రోడ్డు, అదే 90 వేగం, అదే నాదస్వరం. మొదటిది పాత స్పీకర్లతో. డోలు ఎక్కడుందో వెతకండి. రెండోదానిలో వెతకనక్కరలేదు.