పాత బుల్లెట్ హెడ్‌లైట్: బల్బు కొనే ముందు మీటరు పట్టండి

[దృశ్యం: చీకటి షెడ్డు. నల్ల బుల్లెట్ ఇంజిను నడుస్తోంది. ఎదురుగా సున్నం వేసిన గోడ మీద మసక పసుపు వెలుగు.]

నమస్కారం. ఇది 1980ల నాటి బుల్లెట్. అప్పట్లో 6 వోల్టుల బండి, తర్వాత 12 వోల్టులకు మార్చారు. లైటు వెలుగుతోంది, కానీ గోడ మీద చూడండి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియని మసక. ఈ వెలుగుతో రాత్రి ఊరి రోడ్డు మీదికి వెళితే ఆరబోసిన వడ్లు, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, అడ్డంగా నిలబడ్డ గేదె, ఏవీ దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

ఇలాంటప్పుడు ఎక్కువమంది నేరుగా వెళ్లి పెద్ద వాట్ల బల్బు కొంటారు. దయచేసి ఆ పని చేయకండి. పాత బళ్లలో చాలావాటిలో తప్పు బల్బుది కాదు. దాని దాకా చేరాల్సిన వోల్టేజీ చేరడం లేదు. ఈ వీడియో అంతా ఆ వోల్టేజీ ఎక్కడ పోతోందో పట్టుకోవడం గురించే.

[దృశ్యం: మల్టీమీటరు దగ్గరగా. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ మైనస్ మీద.]

మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టాను. ఇంజిను కాస్త వేగంగా నడుస్తోంది, హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంది. లైటు ఆపి కొలిస్తే ఈ పరీక్షకు అర్థం లేదు, కరెంటు పారుతున్నప్పుడే నష్టం బయటపడుతుంది. బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు. ఇప్పుడు డూమ్, అంటే హెడ్‌లైట్ కూర్చునే గుండ్రటి డొప్ప తెరిచి, బల్బు హోల్డరు వెనక అవే రెండు తీగలు పెడుతున్నాను. 11.8.

అంటే దారిలోనే 1.6 వోల్టులు పోయాయి. శాతంలో 12. పన్నెండే కదా అనుకోవద్దు. లోపల తీగ ఉండే బల్బు ఇచ్చే వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, వోల్టేజీ ఒక శాతం తగ్గితే వెలుగు దాదాపు మూడున్నర శాతం పడిపోతుంది. పన్నెండు శాతం వోల్టేజీ పోతే మూడో వంతు వెలుగు పోయినట్టే. మీరు కొనబోయే కొత్త బల్బుకూ ఇదే గతి పడుతుంది. పైగా అది ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి నష్టం ఇంకా పెరుగుతుంది.

6 వోల్టుల బండి అయితే ఈ లెక్క మరీ కఠినం. 12 వోల్టుల్లో అర వోల్టు పోతే వెలుగు ఏడో వంతు తగ్గుతుంది. 6 వోల్టుల్లో అదే అర వోల్టు నాలుగో వంతు వెలుగును మింగేస్తుంది.

[దృశ్యం: హ్యాండిల్ నుంచి ఫ్రేము మీదుగా బ్యాటరీ దాకా వేలితో దారి చూపిస్తూ.]

ఈ 1.6 వోల్టులు ఎక్కడ పోయాయి? ప్లస్ వైపు దారి చూడండి: బ్యాటరీ, తాళం స్విచ్చి, లైటు స్విచ్చి, డిమ్, బ్రైటు మార్చే డిప్పర్ స్విచ్చి, మధ్యలో రకరకాల కనెక్టర్లు, చివరికి హోల్డరు. ప్రతి చోటా కాస్త తుప్పు, కాస్త నలుపు. ఇక మైనస్ వైపు ఒక తీగను బల్బు ఎర్త్ మీద, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే కొన మీద, రెండోదాన్ని బ్యాటరీ మైనస్ మీద పెడితే 0.6 వోల్టు చూపిస్తోంది. ఇక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి.

కారణం, ఈ బండిలో హెడ్‌లైట్‌కు విడిగా ఎర్త్ వైరు లేదు. కరెంటు డూమ్‌లోంచి ఫోర్కుకు, ఫోర్కు నుంచి స్టీరింగ్ బాల్స్ గుండా ఫ్రేముకు వెళుతోంది. ఆ బాల్స్ చుట్టూ గ్రీజు. హ్యాండిల్ తిప్పినప్పుడు మీ లైటు మినుకుమంటోందా? అనుమానించాల్సిన మొదటి చోటు ఇదే. మందమైన నల్ల వైరు ఒకటి హోల్డరు ఎర్త్ నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కు వేయండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, వైరు లాగకుండా, నలగకుండా ఉందో లేదో చూసుకోండి. ఖర్చు నామమాత్రం. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

[దృశ్యం: రెండు రిలేలు, ఫ్యూజు, వైర్లు బల్ల మీద.]

ప్లస్ వైపు మందు రిలే. ఇప్పటిదాకా హెడ్‌లైట్ కరెంటు అంతా పాత స్విచ్చిలోంచే పారుతోంది. రిలే పెడితే స్విచ్చి పని సైగ చేయడం వరకే, అసలు కరెంటు కొత్త వైరు మీదుగా దగ్గరి దారిన బల్బుకు వెళుతుంది. డిమ్‌కు ఒకటి, బ్రైటుకు ఒకటి కావాలి. రిలే అడుగున అంకెలు ఉంటాయి. 30 లోకి ప్లస్ వస్తుంది, 87 నుంచి బల్బుకు పోతుంది. 86 కు డిప్పర్ స్విచ్చి నుంచి వచ్చే పాత వైరు, 85 కు ఎర్త్. ప్లస్ తీసుకున్న చోటుకు వీలైనంత దగ్గరలో 10 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. ఫ్యూజు లేని వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఫ్రేముకు తగిలిందంటే, దాని మీద ఉన్నది పెట్రోలు ట్యాంకు.

ఈ ప్లస్ ఎక్కడి నుంచి తీసుకోవాలన్న దగ్గర చాలామంది మెకానిక్‌లు కూడా పొరబడతారు. బుల్లెట్ డూమ్ మీద ఆంపియర్ మీటరు ఉంటుంది కదా, అది బ్యాటరీకీ మిగతా బండికీ మధ్యన కూర్చుంటుంది. మీరు రిలేకు ప్లస్ నేరుగా బ్యాటరీ టెర్మినల్ నుంచి ఇస్తే, డైనమో నుంచి వచ్చే కరెంటు మీటరు దాటి వెళ్లి హెడ్‌లైట్‌కే ఖర్చవుతుంది. ముల్లు మాత్రం చార్జింగ్ వైపు చూపిస్తుంది. బ్యాటరీ నిండుతోందని మీరు నిశ్చింతగా ఉంటారు, అది మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది. అందుకే మీటరుకు అవతలి వైపు, అంటే బండి వైరింగ్ తగిలే కొన నుంచి ప్లస్ తీసుకోండి. ఇన్నేళ్లుగా నమ్మకంగా నిజం చెప్పిన మీటరు చేత అబద్ధం చెప్పించకూడదు.

ఒక హెచ్చరిక. ఇంజిను ఆపి తాళం తిప్పితే హెడ్‌లైట్ వెలగని బళ్లున్నాయి, నడుస్తున్నప్పుడు యాక్సిలరేటరు ఇచ్చినకొద్దీ వెలుగు పెరుగుతుంది. వాటిలో హెడ్‌లైట్‌కు ఏసీ కరెంటు నేరుగా కాయిల్ నుంచి వస్తుంది. ఆ బళ్లకు ఇప్పుడు చెప్పిన రిలే పనికిరాదు. ముందు చార్జింగ్ వైపు మార్పు జరగాలి, అది వేరే పని.

[దృశ్యం: రిఫ్లెక్టరు చేతిలో. లోపల నల్లమచ్చలు.]

వైరింగ్ అయ్యాక మీటరు పెడితే బల్బు దగ్గర 13.1. గోడ మీద తేడా మీకే కనిపిస్తోంది. ఇంకా బల్బు మార్చలేదు.

ఇక రిఫ్లెక్టరు. లోపలి పూత మచ్చలు పడింది. దీన్ని ఇత్తడి పాలిష్‌తో రుద్దుదామని ఎవరైనా అంటే వినకండి. అది అతి పల్చటి అల్యూమినియం పూత, గుడ్డతో గట్టిగా తుడిచినా లేచిపోతుంది. మచ్చపడ్డదాన్ని మార్చాల్సిందే. అదృష్టం ఏమిటంటే బుల్లెట్‌ది 7 అంగుళాల గుండ్రటి లైటు. అంబాసిడర్‌కూ, పాత జీపుకూ అదే కొలత. కాబట్టి హెచ్4 (డిమ్, బ్రైటు రెండూ ఇచ్చే హాలోజెన్ రకం) బల్బు పట్టే అద్దం, రిఫ్లెక్టరు కలిసిన యూనిట్లు తేలిగ్గా దొరుకుతాయి.

కొనేటప్పుడు అద్దం మీది గీతలు గమనించండి. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం. డిమ్ వెలుగు ఎడమ వైపు కాస్త పైకి లేచి రోడ్డు అంచును చూపించాలి, కుడి వైపు అణిగి ఉండాలి. అమెరికా, ఐరోపా బళ్ల కోసం చేసిన అద్దాల్లో ఇది తిరగబడి ఉంటుంది. ఆన్‌లైన్‌లో అందంగా కనిపించిందని తెప్పిస్తే, లేచిన వెలుగంతా ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది.

[దృశ్యం: మూడు బల్బులు వరుసగా. హెచ్4 లోపలి చిన్న లోహపు దొప్ప దగ్గరగా.]

బల్బుల సంగతి. పాత రకం 45/40 వాట్ల బల్బు ప్రమాణాల ప్రకారం బ్రైటులో 860 ల్యూమెన్లు (వెలుగు కొలత), డిమ్‌లో 675 ఇస్తుంది. 60/55 వాట్ల హెచ్4 హాలోజెన్ అయితే 1650, 1000. వాట్లు పెరిగింది మూడో వంతే, బ్రైటు వెలుగు దాదాపు రెట్టింపు. నా ఎంపిక ఇదే. ఒక్క షరతు, మీ చార్జింగ్ దీన్ని మోయగలగాలి. లైటు వేసి మామూలు వేగంలో వెళుతున్నప్పుడు ఆంపియర్ మీటరు ముల్లు సున్నా దగ్గరో, ప్లస్ వైపో నిలవాలి. మైనస్‌లోనే ఉంటే పెద్ద బల్బు వద్దు. 1950ల నాటి 60 వాట్ల డైనమో ఉన్న బండికి 55 వాట్ల బల్బు పెడితే వెనక లైటుకూ, హారన్‌కూ ఏం మిగులుతుంది?

100/90 వాట్ల బల్బులు బజారులో దొరుకుతాయి. వాటి వేడికి హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు పొగచూరుతుంది, ఎదుటివాళ్లకు కళ్లు కనపడవు. వద్దు.

ఎల్‌ఈడీ గురించి చాలామంది అడుగుతారు. తక్కువ కరెంటు తీసుకుంటుంది, 6 వోల్టుల బండికి అది నిజమైన మేలు. కానీ ఈ హెచ్4 బల్బులో డిమ్ తీగ కింద చిన్న లోహపు దొప్ప చూడండి. కిందికి పడే వెలుగును అదే ఆపుతుంది, లేకపోతే ఆ వెలుగు రిఫ్లెక్టరు కింది సగానికి తగిలి పైకి లేస్తుంది. గోడ మీద మీరు చూసే గీత దాని చలవే. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు సరిగ్గా ఆ తీగ ఉన్న చోటే లేకపోతే గీత చెరిగిపోయి, వెలుగు అన్ని వైపులా చిందుతుంది. మీకు తెల్లగా బ్రహ్మాండంగా అనిపిస్తుంది, దూరంలో రోడ్డు మాత్రం కనిపించదు. పాత బ్రిటిష్ బళ్లలో కొన్నింటికి ప్లస్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ మైనస్ బదులు ప్లస్ ఫ్రేముకు కలిసి ఉంటుంది, వాటిలో మామూలు ఎల్‌ఈడీ వెలగనే వెలగదు. ఫ్యాను ఉన్న ఎల్‌ఈడీ అయితే డూమ్‌లో పట్టకపోవచ్చు కూడా.

ఏది చేసినా పాత వైరింగ్ కోయకండి. కనెక్టర్లతోనే కలపండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి. మీ తర్వాత ఆ బండి ఎవరి చేతికి వెళ్లినా, వాళ్లు దాన్ని యథాతథంగా తిరిగి కట్టుకోగలగాలి.

[దృశ్యం: గోడకు 5 మీటర్ల దూరంలో బండి. సీటు మీద మనిషి. గోడ మీద సుద్ద గీత.]

చివరి పని, వెలుగును సరిచేయడం. బండిని చదునైన చోట, గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టండి. స్టాండు మీద కాదు, చక్రాల మీద. నడిపే మనిషి సీటు మీద ఉండాలి, బరువుకు వెనక షాకులు దిగితే లైటు ముక్కు పైకి లేస్తుంది. హెడ్‌లైట్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో సుద్ద గీత గీయండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకు 7 సెంటీమీటర్లు కింద ఉండేలా లైటును వంచి బిగించండి.

7 ఎందుకంటే, లైటు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ వంపుతో వెలుగు అంచు 60 మీటర్లకు కాస్త అవతల నేలను తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గేదెను చూసి బ్రేకు మీద కాలు పడేలోపు బండి సుమారు 25 మీటర్లు వెళుతుంది. డ్రమ్ము బ్రేకులతో ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 28 మీటర్లు కావాలి. మొత్తం 53 మీటర్లు, మిగిలేది పది మీటర్ల చిల్లరే. కాబట్టి ఎంత మంచి లైటు పెట్టినా డిమ్‌లో 60 దాటకండి.

ఇప్పుడు ఎవరినైనా బండికి ఎదురుగా 8 మీటర్ల దూరంలో, నడిపే మనిషి వైపు నుంచి చూస్తే లైటుకు అర మీటరు కుడి పక్కన నిలబెట్టండి. వాళ్ల కళ్లు నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉండాలి. మోటారు వాహనాల నిబంధనల్లో, కళ్లు మిరుమిట్లు గొలపకూడదని చెప్పిన చోటు అదే. డిమ్ వేయండి. వాళ్లు కళ్లు చిట్లించారంటే లైటును ఇంకాస్త దించండి. వెనక సీటు మీద మనిషిని ఎక్కించి మళ్లీ ఒకసారి చూసి, అప్పుడు రిమ్ము స్క్రూ బిగించండి.