మెయిల్ పంపినంత మాత్రాన అది హ్యూమన్ టాస్క్ అయిపోదు

నమస్కారం. బెంగళూరులో డిజైన్ రివ్యూలకు కూర్చున్న ప్రతిసారీ, హ్యూమన్ టాస్క్ (కంప్యూటరు నడిపే ప్రాసెస్‌లో మనిషి చేయాల్సిన పని) ప్రస్తావన రాగానే నాకు చిరాకు తెప్పించే మాట ఒకటుంది: "ఆఫీసరుకు మెయిల్ వెళ్తుంది, ఆయన లింకు నొక్కుతారు, ప్రాసెస్ ముందుకు సాగుతుంది."

గృహరుణం దరఖాస్తునే తీసుకుందాం. సిబిల్ స్కోరు తెచ్చే సర్వీసు సెకన్లలో జవాబిస్తుంది. శుక్రవారం సాయంత్రం చేరిన దరఖాస్తును క్రెడిట్ ఆఫీసరు సోమవారం గానీ తెరవరు. అంతవరకూ ఇంజన్ (ప్రాసెస్‌ను అడుగడుగునా నడిపే సాఫ్ట్‌వేర్) థ్రెడ్‌ను, అంటే సర్వరులో ఒక పనిని నడిపే వనరును, పట్టుకొని కూర్చోదు. ప్రాసెస్ స్థితిని డేటాబేసులో భద్రపరిచి, జవాబు వచ్చాక దరఖాస్తు సంఖ్య ఆధారంగా సరైన ఇన్‌స్టెన్సును, అంటే ఆ ఒక్క దరఖాస్తు కోసం నడుస్తున్న ప్రాసెస్‌ను, వెతికి నిద్రలేపుతుంది. ఇలా జవాబును ఇన్‌స్టెన్సుతో జతపరిచే కొరిలేషన్‌కు, 2007లో ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన, ప్రాసెస్‌లను రాసే భాష డబ్ల్యూఎస్-బీపెల్ 2.0లో చోటుంది గానీ, మనిషి చేసే పనికి ప్రత్యేకమైన యాక్టివిటీ (ప్రాసెస్‌లో ఒక అడుగు) లేదు. ఆ లోటు తీర్చడానికే అదే ఏడాది ఐబీఎం, శాప్, ఒరాకిల్ తదితర సంస్థలు డబ్ల్యూఎస్-హ్యూమన్‌టాస్క్ స్పెసిఫికేషన్‌ను వెలువరించాయి.

అందులో టాస్కుకు సొంత జీవితం ఉంటుంది. కోరమంగళ శాఖలో అర్హులైన ఆఫీసర్లు అయిదుగురు ఉంటే, మన దరఖాస్తు అయిదుగురికీ 'రెడీ'గా కనిపిస్తుంది. ఒకరు క్లెయిమ్ చేయగానే, అంటే తన పనిగా తీసుకోగానే, 'రిజర్వ్‌డ్' అవుతుంది, పని మొదలుపెడితే 'ఇన్‌ప్రోగ్రెస్' అవుతుంది. ఆయన దాన్ని అలాగే వదిలేసి సంక్రాంతికి కడప వెళ్లిపోతే, టాస్కులను పర్యవేక్షించే బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ రిలీజ్ చేసి మళ్లీ అందరి ముందూ ఉంచవచ్చు. మెయిల్‌కు ఈ స్థితులేవీ లేవు కనుకే ఒకే దరఖాస్తుపై ఒకరు మంజూరు, మరొకరు తిరస్కరణ నొక్కుతారు. రెండో జవాబును ఏం చేయాలో తోచక పాపం డెవలపరు ఇఫ్ కండిషన్లు పేర్చుకుంటూ పోతాడు.

దరఖాస్తును నమోదు చేసిన ఉద్యోగే దాన్ని మంజూరు చేయకూడదు కదా? ఆయనను 'ఎక్స్‌క్లూడెడ్ ఓనర్'గా, అంటే ఆ టాస్కును తీసుకోకూడని వ్యక్తిగా, ప్రకటించాలి. స్క్రీను మీద బటన్ దాచేసి పని అయిపోయిందనుకోవడం నా దృష్టిలో అమాయకత్వమే.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పని మొదలుపెట్టడానికి ఒక గడువు, ముగించడానికి మరో గడువు పెట్టవచ్చు. దాటితే ఎస్కలేషన్ ద్వారా మేనేజరుకు తెలియజేయవచ్చు, లేదా టాస్కునే వేరొకరికి అప్పగించవచ్చు. ఖాతాదారు దరఖాస్తును వెనక్కి తీసుకుంటే టాస్కును కూడా ముగించాలి, లేకపోతే ఆఫీసరు రద్దయిన దరఖాస్తునే పరిశీలిస్తూ ఉంటారు. ప్రాసెస్‌లను బొమ్మలుగా గీయడానికి 2011లో వచ్చిన ప్రమాణం బీపీఎంఎన్ 2.0లో మనిషి చేసే పనికి 'యూజర్ టాస్క్' నేరుగానే ఉంది. దానికి గడువు కావాలంటే బొమ్మలో ఆ టాస్కు అంచున టైమర్ ఈవెంటు తగిలించాలి. ఇంటరప్టింగ్ రకమైతే గడువు దాటగానే టాస్కే రద్దవుతుంది కనుక, ఆఫీసరుకు గుర్తుచేయడం మాత్రమే మీ ఉద్దేశమైతే నాన్-ఇంటరప్టింగ్ రకాన్ని ఎంచుకోండి.