12 వోల్టులే కదా అనకండి

(ఒడిశాలోని బరంపురంలో టూరిస్టు బండ్ల యజమానులు, డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వ్యానులో పడకలు, చిన్న వంటగట్టు పెట్టించి గోపాలపూర్ నుంచి కొరాపుట్ దాకా టూరిస్టులను తిప్పుతున్నవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. పెట్టించాలా వద్దా అని ఇంకా ఊగుతున్నవాళ్లూ ఉన్నారు. ముందు వరసలో వైరింగ్ మేస్త్రీలు కూర్చున్నారు కాబట్టి నేను గాలి కబుర్లు చెబితే వాళ్లే పట్టేస్తారు.

కాగితాల సంగతి ముందే తేల్చేస్తాను. మోటారు క్యారవాన్‌లకు, అంటే ఇలా పడకలూ వంటగట్టూ ఉన్న బండ్లకు, ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. రిజిస్టరైన బండిని మన ఇష్టం వచ్చినట్టు మారుస్తానంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఎంతవరకు ఒప్పుకుంటారో అంతవరకే చేయించండి. లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ తప్పదు. ఇక కరెంటు సంగతికి వద్దాం.

ఈ ముక్కను చేతులు మార్చుకుంటూ చూడండి. కేబుల్ చివర బిగించే లగ్గు ఇది. ఒక వ్యానులో ఇన్వర్టర్ దగ్గర నుంచి తీశాను. రాగి నల్లబడిపోయింది. పైన తొడుగు గట్టిపడి గోటితో గీరితే రాలిపోతోంది. దాని కిందున్న ప్లైవుడ్ ముక్క కూడా తెచ్చాను, నాణెమంత మేర బొగ్గయింది చూడండి. అక్కడ షార్ట్ సర్క్యూట్ ఏమీ కాలేదు. ఫ్యూజూ పోలేదు. లగ్గును క్రింపింగ్ టూలుతో నొక్కకుండా సుత్తితో కొట్టి సరిపెట్టారు, అంతే.

230 వోల్టులంటే మనందరికీ భయం ఉంది. మంచిదే. వ్యాను బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులంటే మాత్రం చులకన. "ముట్టుకున్నా ఏమీ కాదు కదా మాస్టారూ" అంటారు. పొడి చేత్తో ముట్టుకుంటే నిజంగానే ఏమీ కాదు. మన ఒంటికి తెలియని ఆ కరెంటే తీగను కాలుస్తుంది.

లెక్క చూడండి. 1500 వాట్ల కెటిల్ ఒకటి ఉంది. ఇంట్లో 230 వోల్టుల మీద అది లాగేది ఆరున్నర ఆంపియర్లు. అదే కెటిల్‌ను వ్యానులో ఇన్వర్టర్‌కు పెడితే, ఇన్వర్టర్‌లో పోయే నష్టంతో కలిపి బ్యాటరీ నుంచి 140 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇప్పుడు దారిలో ఎక్కడో ఒక నట్టు వదులైందనుకోండి. ఆ అతుకు నిరోధం ఒక ఓంలో వెయ్యింట అయిదు వంతులు. చాలా చిన్నది, మామూలు మల్టీమీటరుకు అందదు. అయితే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. ఇంట్లో అలాంటి అతుకులో పుట్టే వేడి వాట్‌లో అయిదో వంతు. వ్యానులో 98 వాట్లు! మనం బల్ల మీద వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటివి నాలుగు తెచ్చి ఒకే నట్టుకు ఆనించినట్టు లెక్క. ఫ్యూజు ఎందుకు పోలేదంటే, పారుతున్నది మామూలు కరెంటే. దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది.

అందుకే తీగ కొనేటప్పుడు బేరమాడినా, అతుకు దగ్గర బేరం వద్దు. సరైన సైజు లగ్గు, నొక్కడానికి క్రింపింగ్ టూలు, నట్టు కింద స్ప్రింగ్ వాషరు. సాలూరు ఘాటీ ఎక్కి కొరాపుట్ వెళ్లొచ్చిన బండిలో ఆ కుదుపులకు నట్లు వదులవకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. గోపాలపూర్‌లో బీచి పక్కన రోజులకు రోజులు ఆపే బండికి ఇంకో బాధ, ఉప్పుగాలికి టెర్మినల్ మీద పచ్చటి చిలుం పడుతుంది. తగరపు పూత ఉన్న రాగి తీగ దొరికితే అదే వేయించండి. పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. కెటిల్ అయిదు నిమిషాలు నడిపి ఆపండి. ఇన్వర్టర్, బ్యాటరీ మెయిన్ స్విచ్ కూడా ఆపేసి, ఒక్కో అతుకు దగ్గరా చేతి వెనక భాగాన్ని ముందు దగ్గరగా పెట్టి, తర్వాత ఆనించి చూడండి. పక్కవాటికంటే ఏది ఎక్కువ కాలుతోందో దాన్ని విప్పి మళ్లీ చేయాలి.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఫ్రిజ్‌ను కాదు, టీవీని కాదు, తీగను. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న తీగకు ఏ కాపలా లేదు, కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిదైతే అంత మేలు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగకు 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. అది మాటిమాటికీ పోతోందని 40 పెట్టారంటే, ఇక ఆ తీగే ఫ్యూజు. 1500 వాట్ల ఇన్వర్టర్‌కు కేబుల్ మీటరు పొడవు లోపే ఉన్నా 35 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 50 వేయిస్తే నాకైతే నిద్ర బాగా పడుతుంది.

మేస్త్రీలకు ఒక మాట. ఇంట్లో మిగిలిన ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్, తెచ్చి బ్యాటరీ వైపు బిగించకండి. ఇంటికొచ్చే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, అందువల్ల స్విచ్ తెరుచుకున్నప్పుడు లేచిన మెరుపు తనంతట తనే ఆరుతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ అలా సున్నాకు రాదు. మెరుపు త్వరగా ఆరకుండా లోపలే కాలుతూ ఉండొచ్చు. డీసీకని రాసి ఉన్నదే వాడాలి.

బ్యాటరీ విప్పేటప్పుడు ఉంగరం, వాచీ, చేతి కడియం తీసేయండి. ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న. బండి బాడీ అంతా మైనసే కాబట్టి ప్లస్ మీద ఉన్న స్పానర్ బాడీకి తగిలిందంటే స్పానర్ ఎర్రబడుతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది. దాన్ని గాలి పోయే దారి లేని పెట్టెలో పెట్టి, పక్కనే గ్యాస్ సిలిండర్ నిలబెట్టిన బండి నేను చూశాను. ఇంతకంటే చెప్పక్కర్లేదు. లిథియంకు ఆ గోల లేదు గానీ, సున్నా డిగ్రీల కంటే చల్లబడితే చార్జి చేయకూడదు. మనకెక్కడిదండీ సున్నా అనకండి, దారింగ్‌బాడిలో చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకునే రోజులుంటాయి. ఇంకో సంగతి, లిథియంను ఇంజను మీద తిరిగే ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే అది ఆగకుండా లాగి ఆల్టర్నేటర్‌ను కాల్చేస్తుంది. మధ్యలో ఆ లాగుడును అదుపులో ఉంచే డీసీ-డీసీ చార్జరు పెట్టించండి.

ఇప్పుడు బయటి కరెంటు. రాత్రి ధాబా దగ్గర ఆపుతాం, ఓనరును అడిగి ప్లగ్గు పెడతాం. ధాబా ప్లగ్గు పాయింటులో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్తు తీగ ఉందో లేదో దేవుడికి తెలియాలి. మన బండి నిలబడింది రబ్బరు టైర్ల మీద. లోపల ఎక్కడో ఫేజు తీగ గీసుకుని రేకుకు తగిలితే బండి మొత్తం 230 వోల్టులకు వెళ్లి కూర్చుంటుంది. లోపల పడుకున్నవాళ్లకు ఏమీ తెలియదు. తెల్లారి ఒకరు తలుపు కడ్డీ పట్టుకుని, వాన నీళ్లలో ఒక కాలు దించుతారు. దెబ్బ తగిలేది అప్పుడే.

దానికి మందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయి సరఫరా ఆపే స్విచ్, దానితో పాటు ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ కోసే డబుల్ పోల్ ఎంసీబీ. పాత వైరింగుల్లో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటాయి కాబట్టి ఒక్క తీగను కోస్తే చాలదు. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ అలంకారానికి కాదు, నెలకోసారి నొక్కండి. కలిపేటప్పుడు మెయిన్ ఆపి, కేబుల్ ముందు బండికి, తర్వాత గోడకు. తీసేటప్పుడు ముందు గోడ దగ్గర. కేబుల్ చుట్టను పూర్తిగా విప్పి పరవండి, చుట్ట లోపల వేడి బయటకు పోక తొడుగు కరుగుతుంది. రెండు చివరలా పిన్నులున్న కేబుల్ ఎవరైనా చేసిస్తానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

చాలామందికి తెలియంది ఇంకొకటుంది. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు దాని న్యూట్రల్ బండి బాడీకి కలిపి ఉండకపోతే, లీకైన కరెంటుకు తిరిగొచ్చే దారి ఉండదు, ఆర్‌సీసీబీ పడదు. బయటి కరెంటు వచ్చినప్పుడు మాత్రం ఆ కలయిక విడిపోవాలి. ఈ కలపడం, విడదీయడం తనంతట తనే చేసే రిలే ఉన్న ఇన్వర్టర్లు దొరుకుతాయి. కొనేముందు అడగండి. బయటి కరెంటూ ఇన్వర్టరూ ఎప్పుడూ ఒకే తీగ మీద కలవకుండా, ఒకసారి ఒకదాన్నే కలిపే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక మన గంజాం జిల్లా రోజుల తరబడి చీకట్లో ఉంది. అప్పటి నుంచి చిన్న జనరేటర్ అంటే మనవాళ్లకు మక్కువ. దాని పొగలో వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. బండి కిందా, కిటికీ పక్కనా పెట్టొద్దు, నిద్రపోయే ముందు ఆపేయండి.

టీ వచ్చింది. తాగాక బయట మూడు బండ్లున్నాయి, ఒక్కొక్కటీ విప్పి చూద్దాం. తీగకు తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తెచ్చినవాళ్లు అది డీసీ చూపిస్తుందో లేదో చూసుకోండి. మామూలుది బ్యాటరీ కేబుల్‌కు తగిలిస్తే సున్నా చూపిస్తుంది, మనం కరెంటే లేదనుకుంటాం.