ఓడినా మళ్లీ ఎందుకు ఆడతారు?

సభకు నమస్కారం. సెలవు రోజైనా ఇంతమంది ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు విజయవాడకు వచ్చి వీడియో గేముల గురించి మాట్లాడుకోవడం నాకెంతో సంతోషంగా ఉంది.

ఒక లెక్క తప్పితే పుస్తకం మూసేసే పిల్లవాడే, ఫోనులో ఆట ఓడిపోతే మరుక్షణం మళ్లీ మొదలుపెడతాడు. దాన్ని వ్యసనమని కొట్టిపారేస్తున్నాం. వ్యసనమూ ఉంది, తల్లిదండ్రుల భయమూ న్యాయమైనదే. అయినా ఆ పట్టుదలకు వేరే కారణం కూడా ఉంది: ఆటలో తప్పు చేస్తే నలుగురిలో చిన్నబోనక్కర్లేదు, తప్పు ఎక్కడుందో అప్పటికప్పుడే తెలుస్తుంది, వెంటనే మళ్లీ ప్రయత్నించవచ్చు. మన దగ్గర తప్పు తెలిసేది పేపర్లు దిద్ది ఇచ్చాకే. అప్పటికి పాఠం మారిపోయి ఉంటుంది.

1971లో అమెరికాలోని మినియాపొలిస్‌లో, చరిత్ర చెప్పడంలో శిక్షణ పొందుతున్న డాన్ రావిచ్ ఇద్దరు మిత్రులతో కలిసి ‘ఒరెగాన్ ట్రెయిల్’ అనే ఆట తయారుచేశాడు. దానికి తెర కూడా లేదు. టెలిటైప్ యంత్రం కాగితం మీద ప్రశ్న అచ్చువేస్తే, తిండికెంత, ఎడ్లకెంత, తూటాలకెంత ఖర్చు పెట్టాలో పిల్లలే నిర్ణయించుకుని పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పడమటి వైపు వలస వెళ్లినవారి బండ్ల ప్రయాణం సాగించేవారు. అక్కడ పాఠమే ఆట. సరైన జవాబుకు నక్షత్రాలు ఇచ్చే క్విజ్‌లు చేదు మాత్రకు పూసిన బెల్లం లాంటివి. బెల్లం కరిగాక చేదే మిగులుతుంది.

అందుకే నేను పిల్లల చేత ఆట ఆడించడం కంటే తయారుచేయించడానికే మొగ్గు చూపుతాను. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ‘స్క్రాచ్’, ఆదేశాల దిమ్మెలను పేర్చి పిల్లలు సొంతంగా ఆటలు తయారుచేసుకునే ప్రోగ్రామింగ్ సాధనం. అది ఉచితం, ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. దాని తెర మధ్యలో మూలబిందువు, అడ్డంగా -240 నుంచి 240, నిలువుగా -180 నుంచి 180. మనం నల్లబల్ల మీద గీసే నిరూపక తలమే అది.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బంతిని ఎగిరించాలనుకుంది. బంతి నిలువు స్థానాన్ని చెప్పే వై విలువకు ప్రతిసారీ 10 కలుపుతూ పోతే బంతి పైకి వెళ్లి అంచున ఇరుక్కుంది. తరువాత ‘వేగం’ అని ఒక చలరాశి పెట్టుకుని, 10తో మొదలుపెట్టి ఒక్కొక్కటే తగ్గించింది. బంతి నెమ్మదించి, పైన ఒక్క క్షణం ఆగి, కిందికి దిగింది. “సార్, వేగం మైనస్‌లోకి వెళ్లాక బంతి కిందికొస్తోంది సార్!” అని అరిచింది. ఋణ సంఖ్యలను మూడేళ్లుగా చెప్పించుకుంటున్న పిల్ల, వాటితో ఏం పనో ఆ రోజు కళ్లారా చూసింది.

దీనికి వారానికి ఒక్క పీరియడ్, కంప్యూటర్‌కు ముగ్గురు పిల్లలు చాలు. మార్కులు మాత్రం వేయకండి. ఏం ప్రయత్నించారో, ఏది చెడిందో నోటుబుక్కులో రాయించండి. ఆ రోజు గంట కొట్టేసరికి ఆమె బంతి నేల దాటి తెర అడుగుకు దిగిపోయింది. మర్నాడు ప్రార్థన కాకముందే ఆమె నోటుబుక్కు తెచ్చి చూపింది. “వై విలువ -150 కంటే తగ్గితే వేగం సున్నా చేయాలి” అని అందులో రాసుకుని ఉంది.