మూడేళ్ళ చేతికి పెన్సిల్ ఇచ్చే ముందు నర్సరీలో ఏం జరగాలి?

[తెర మీద: పళ్ళెంలో బియ్యం, అందులో గీత గీస్తున్న చిన్న వేలు]

దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ సరస్వతీదేవిగా దర్శనమిస్తుంది. బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో పిల్లలకు అక్షరాభ్యాసం ఆ రోజే. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, బియ్యంలో వేలితో రాయిస్తారు. మంచి నర్సరీ మొదటి ఏడాదంతా చేయాల్సింది ఇలాంటి పనే. కానీ చాలాచోట్ల బడిలో చేరిన రెండో నెలకే కాపీ పుస్తకం, హోంవర్కు వచ్చేస్తున్నాయి.

[తెర మీద: చేతి ఎక్స్‌రే బొమ్మలు, మూడేళ్ళ పిల్లవాడిదీ పెద్దవాళ్ళదీ పక్కపక్కన]

మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఒక్కొక్కటే గట్టిపడుతూ, అన్నీ పూర్తవడానికి 10, 12 ఏళ్ళు పడుతుంది. గీతలు గీయడానికీ ఒక వరస ఉంది. మూడేళ్ళకు చాలామంది పిల్లలు సున్నా చూసి గీయగలరు. కూడిక గుర్తు నాలుగేళ్ళకు వస్తుంది, త్రిభుజం దాదాపు ఐదేళ్ళకు. సున్నా దగ్గరే ఉన్న బిడ్డను మెలికలు తిరిగే ‘అ’ దిద్దమంటే ఏం చేస్తుంది? పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుని, కాగితం చిరిగేలా నొక్కుతుంది. ఆ పట్టు అలవాటైతే తర్వాత మార్చడం కష్టం. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, రాతంటేనే విసుగు పుడుతుంది.

[తెర మీద: పిండి పిసుకుతున్న చేతులు]

ముందు వేళ్ళకు బలం రావాలి. 2 కప్పుల గోధుమపిండి, 1 కప్పు ఉప్పు, 1 చెంచా నూనె, చిటికెడు పసుపు కలిపి, ముప్పావు కప్పు నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయండి. నీళ్ళు ఒక్కసారే పోస్తే చేతికి అంటుకుంటుంది, పిల్లలు ముట్టుకోరు. ఉప్పు ఎక్కువ కాబట్టి నోట్లో పెట్టుకోకుండా చూడాలి, చేతికి గాయం ఉంటే మంట పుడుతుంది. మూతపెట్టిన డబ్బాలో ఉంచితే కొన్ని రోజులు పనికొస్తుంది.

పాత న్యూస్‌పేపర్ చింపించడం, తాడుకు బట్టల క్లిప్పులు పెట్టించడం కూడా ఇలాంటి పనులే. పళ్ళెంలో బొంబాయి రవ్వ పల్చగా పరిచి వేలితో గీయించవచ్చు. మందంగా పోస్తే గీత కనిపించదు. క్రేయాన్ పొడవుగా ఇవ్వకుండా రెండు, మూడు ముక్కలు చేసి ఇవ్వండి. చిన్న ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు కాబట్టి మూడు వేళ్ళూ వాటంతటవే దగ్గరికొస్తాయి. అయితే ఇలాంటి చిన్న ముక్కలు, చింతపిక్కలు, పూసల్లాంటివి ముక్కులోకో గొంతులోకో వెళ్ళే ప్రమాదం ఉంది. అవి ఇచ్చేటప్పుడు లెక్కపెట్టాలి, తిరిగి తీసుకునేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టాలి.

[తెర మీద: చప్పట్లు కొడుతున్న పిల్లలు]

చదువుకు పునాది చెవిలో పడుతుంది. వి-జ-య-వా-డ అంటూ ఐదు చప్పట్లు, గుం-టూ-రు అంటూ మూడు. పలక, పడవ, పనస: వీటిలో ముందు వినిపించేది ఏమిటి? ఈ ఆటకు పుస్తకం అక్కర్లేదు, కానీ తర్వాత అక్షరం కనిపించినప్పుడు దాని శబ్దం పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు టీచర్ ‘ఇదేంటి?’ దగ్గర ఆగకుండా ‘కుక్క ఎందుకు పరిగెడుతోంది?’ అనాలి. అడిగాక నాలుగైదు సెకన్లు ఊరుకోవాలి. పెద్దవాళ్ళకు అదే కష్టం, తామే చెప్పేస్తారు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే జవాబు చెప్పనివ్వాలి.

అంకెల్లో మోసపోయేది ఎక్కడంటే, నూరు వరకూ గడగడా అప్పజెప్పడం దగ్గర. ఆ బిడ్డనే ‘నాలుగు స్పూన్లు ఇవ్వు’ అని అడగండి. గుప్పెడు తెచ్చిస్తే లెక్క ఇంకా రాలేదన్నమాట. పళ్ళాలు సర్దించడం, ఒక్కొక్కరికీ ఒక్కో అరటిపండు పంచించడం లాంటి పనులతో అది వస్తుంది.

[తెర మీద: తరగతి గది, కింది అరల్లో ఆటవస్తువులు]

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా చూస్తుంది: మూడేళ్ళ పూర్వ ప్రాథమిక విద్య, ఆపైన 1, 2 తరగతులు. అంటే చదవడం, రాయడం స్థిరపడడానికి ఐదేళ్ళ సమయం ఉంది. అంగన్‌వాడీలో మూడేళ్ళు దాటిన పిల్లలకు నేర్పే ఆటపాటలకూ ఉద్దేశం ఇదే, డబ్బు కట్టలేదని వాటిని తక్కువ చేయకండి.

అడ్మిషన్ కోసం బడికి వెళ్తే ఆఫీసు గదిలోనే కూర్చుని రాకండి. పిల్లలున్నప్పుడు తరగతిలోకి వెళ్ళి చూడండి. 20 మందికి ఒక టీచర్, తోడుగా ఒక ఆయమ్మ ఉండాలి. వస్తువులు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా? బాత్రూంకి ఎవరు తీసుకెళ్తారు? జూన్ ఎండల్లో బయటి ఆట పొద్దున్నే పెడుతున్నారా? గోడ మీద ముప్పై ఆపిళ్ళు ఒకే రంగులో, గీత దాటకుండా ఉంటే అవి పిల్లలు వేసినవేనా అని అడగండి.

మొదటి వారం గంటసేపే ఉంచి, రోజురోజుకీ పెంచమనండి. బిడ్డ ఏమరుపాటుగా ఉన్నప్పుడు జారుకోవద్దు. అలా చేస్తే మర్నాడు గేటు దగ్గరే మీ కొంగు వదలదు. ‘అన్నం తిన్నాక వస్తాను’ అని చెప్పి, టాటా చెప్పి వెళ్ళండి, చెప్పిన వేళకే రండి.