అభ్యంతరం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?
(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, సర్పంచ్ గారికి, వార్డు సభ్యులకు, హైస్కూలు హెడ్మాస్టరు గారికి, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, నవంబరు 14 నుంచి ఇవాళ్టిదాకా ఈ వారమంతా ఒంటిచేత్తో పోటీలు నడిపిన లైబ్రేరియన్ గారికి, బహుమతుల కోసం ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు పేరుపేరునా నమస్కారాలు.

కరపత్రంలో నా పేరు కింద 'పుస్తక పఠనం – వ్యక్తిత్వ వికాసం' అని వేశారు. ఆ విషయం మీద ఇందాక తొమ్మిదో తరగతి అమ్మాయి చక్కగా మాట్లాడింది, దానికి నేను కలిపేదేమీ లేదు. నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగ జీవితమంతా చదివిందీ, రాసిందీ ఒకటే పుస్తకం, పంచాయతీ తీర్మానాల పుస్తకం. అధ్యక్షుల వారు అనుమతిస్తే ఆ పుస్తకం గురించి చెబుతాను.

ఏ ఊరి తీర్మానాల పుస్తకమైనా తెరవండి. ప్రతి పేజీ చివరా ఒకే వాక్యం ఉంటుంది: 'సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.' కింద సంతకాలు, వేలిముద్రలు. ఆ పుస్తకాలు చూస్తే మన ఊళ్లలో మనిషికీ మనిషికీ అభిప్రాయభేదమే లేదనిపిస్తుంది. ఆ సంతకాలు పెట్టినవాళ్లు సమావేశానికి ముందు టీకొట్టు దగ్గర ఏం మాట్లాడుకున్నారో నాకు తెలుసు.

ఒక ఊళ్లో, పేరు వద్దు, కమ్యూనిటీ హాలు మంజూరైంది. చూపించిన స్థలం చెరువుకట్ట కింద పల్లంలో ఉంది. వానాకాలం అక్కడ మోకాటిలోతు నీళ్లు. గేదెలు తోలుకెళ్లే కుర్రాడికి కూడా తెలిసిన సంగతే. సమావేశం రోజు పొద్దున టీకొట్టు దగ్గర నలుగురు వార్డు సభ్యులు నాతోనే అన్నారు, "అక్కడెలా కడతారండీ, పునాదుల్లోకే నీళ్లొస్తాయి" అని. పదకొండింటికి కోరం చూసుకుని అజెండా చదివాను. సర్పంచ్ అడిగాడు, "అభ్యంతరం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" ఆ నలుగురిలో ఒకాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఒకాయన సెల్‌ఫోను తీశాడు. మిగతా ఇద్దరూ అజెండా కాగితం తిరగేస్తున్నారు, వెనకవైపు ఏమీ లేకపోయినా.

ఆరో వార్డు సభ్యురాలు లేచింది. ఎప్పుడూ ఆమె బదులు భర్త వచ్చి కూర్చునేవాడు, ఆ రోజు ఆమే వచ్చింది. "అక్కడ నీళ్లు నిలుస్తాయి కదండీ, వానల్లో శుభకార్యం ఎలా చేసుకుంటారు?" అంది. అంతే. ఒక పెద్దాయన, "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నీ సంగతి" అన్నాడు. అందరూ నవ్వారు. టీకొట్టు దగ్గర నాతో మాట్లాడిన నలుగురూ నవ్వారు!

నేను జరిగింది జరిగినట్టు రాశాను: 'ఆరో వార్డు సభ్యురాలు స్థలం ముంపులో ఉందని అభ్యంతరం తెలిపారు. మిగిలిన సభ్యులు ఆమోదించారు.' సాయంత్రం ఇద్దరు పెద్దమనుషులు ఇంటికి వచ్చారు. "ఆ ఒక్క లైను తీసేయండి, ఏకగ్రీవం అని ఉంటేనే ఫైలు కదులుతుంది" అన్నారు. మర్నాడు పైఆఫీసు నుంచి ఫోన్లో అదే మాట. నేను తీయలేదు. హాలు మాత్రం అక్కడే కట్టారు. మొదటి వానాకాలానికే నీళ్లొచ్చాయి. పెళ్లిళ్లకి జనం ఇప్పటికీ రోడ్డు మీద షామియానాలే వేసుకుంటున్నారు. అడిగితే ఏమంటారు? "అందరం కలిసి తీసుకున్న నిర్ణయమండీ." నాకు కడుపు మండేది ఇక్కడే. అందరం అన్నారంటే ఇక జవాబు చెప్పేవాడు ఒక్కడూ దొరకడు. ఆమెను మెచ్చుకున్నవాళ్లు లేరు సరికదా, తరవాత సమావేశాల నోటీసు మళ్లీ భర్త చేతికే వెళ్లింది.

ఆ నలుగురు చెడ్డవాళ్లు కాదు. ఒక్కొక్కడూ మిగతా ముగ్గురి మొహాలు చూశాడు. వాళ్లు మాట్లాడటం లేదంటే నాకు తెలియనిదేదో వాళ్లకు తెలుసేమో అనుకున్నాడు. ఒకరి మౌనం ఇంకొకరికి సాక్ష్యమైంది. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా.

పల్లెటూరి వ్యవహారం, చదువులేని జనం అని తేలిగ్గా తీసుకునేవాళ్లు దయచేసి ఇది వినండి. 1986 జనవరి 27 రాత్రి, అమెరికాలో. మర్నాడు చాలెంజర్ వ్యోమనౌక ఎగరాలి. దాని బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకోల్ అనే కంపెనీ ఇంజినీర్లు నాసాతో ఫోన్లో సమావేశమయ్యారు. చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు రింగులు బిగుసుకుపోతాయి, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు, అంటే మన లెక్కలో 12 డిగ్రీల లోపు, ఎగరనివ్వొద్దు అన్నారు. నాసా అధికారులకు అది రుచించలేదు. కంపెనీవాళ్లు ఐదు నిమిషాలు గడువడిగి ఫోను పక్కన పెట్టారు, అరగంట పట్టింది. రోజర్ బోజొలే, ఆర్నీ థాంప్సన్ అనే ఇంజినీర్లు ఫొటోలు, కాగితాలు తీసుకెళ్లి పైవాళ్ల ముందు పెట్టి వాదించారు. వినేవాళ్లు లేరని అర్థమై వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఇంజినీరింగ్ విభాగం పెద్ద బాబ్ లండ్‌తో పైఅధికారి, "ఇంజినీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకో" అన్నాడు. నలుగురు మేనేజర్లు ఓటు వేసుకున్నారు. ఇంజినీర్లను ఓటు అడగలేదు. మళ్లీ ఫోనెత్తి ఎగరొచ్చని చెప్పారు. అప్పుడు నాసా వైపు నుంచి ఒకాయన అడిగాడు, ఎవరైనా ఇంకేమైనా చెప్పేది ఉందా అని.

ఎవరూ మాట్లాడలేదు.

ఆ కంపెనీ మనిషే, ఫ్లోరిడాలో ఉన్న అలన్ మెక్‌డొనాల్డ్, అంగీకార పత్రం మీద సంతకం పెట్టనన్నాడు. సంతకం యూటా రాష్ట్రంలోని కంపెనీ ఆఫీసు నుంచి ఫ్యాక్స్‌లో వచ్చింది. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకు వ్యోమనౌక ముక్కలైపోయింది, అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. వాళ్లలో క్రిస్టా మెకాలిఫ్ బడి పంతులమ్మ. అంతరిక్షం నుంచి పిల్లలకు పాఠం చెప్పాల్సిన మనిషి.

వెనక వరస పిల్లలూ, కాస్త ఇటు చూడండి, ఇది మీ కోసమే. 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ కుర్రాళ్లకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానంత పొడవున్నది ఏదని అడిగాడు. చిన్నపిల్లలైనా చెప్పగలరు. గదిలో ఒక్కడు తప్ప మిగతా అందరూ ముందే మాట్లాడి పెట్టుకుని కొన్నిసార్లు కావాలని తప్పు చెప్పారు. ఆ ఒక్కడూ అలాంటప్పుడు మూడింట ఒకసారికి పైగా వాళ్ల తప్పునే తనూ చెప్పాడు, కళ్లెదుట గీత కనిపిస్తున్నా సరే. ఆ గదిలో నిజం చెప్పే మనిషిని ఇంకొకణ్ణి కూర్చోబెడితే ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నా బాగా తగ్గాయి. ఇంకొక్కరు చాలు! ఆ రోజు ఆ నలుగురిలో ఒక్కరు "అవునండీ, అమ్మాయి చెప్పింది నిజమే" అని ఉంటే!

ఒక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఏకగ్రీవమైన ఊళ్లకు ప్రోత్సాహకం ప్రకటించారు. జనాభా 2,000 లోపైతే 5 లక్షలు, 5,000 లోపైతే 10 లక్షలు, 10,000 లోపైతే 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. తెలంగాణలోనూ ఇలాంటివి ప్రకటించారు. గొడవలు లేకుండా ఉండాలని పెట్టారంటారు. ఎన్నికల్లో తలలు పగిలిన ఊళ్లు నేనూ చూశాను, ఆ బాధ నాకు తెలుసు. కానీ రెండో నామినేషన్ వేద్దామని బయల్దేరిన మనిషి సంగతి ఆలోచించండి. "నీ వల్ల ఊరికి పది లక్షలు పోతాయి" అని ఇల్లిల్లూ అంటుంటే, ఏ గుండెతో వెళ్లి నామినేషన్ వేస్తాడు?

టైమైందని చీటీ పంపారు. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ మంత్రాంగం క్యూబా మీదికి, ఆ దేశం వదిలి వచ్చినవాళ్లనే దాదాపు 1,400 మందిని దాడికి పంపి మూడు రోజుల్లో దెబ్బతింది. సందేహం ఉన్నవాళ్లలో చాలామంది సమావేశాల్లో నోరు విప్పలేదు. మరుసటి ఏడు క్యూబాలో రష్యా క్షిపణులు పెట్టడంతో సంక్షోభం వచ్చినప్పుడు అదే కెనెడీ కొన్ని సమావేశాలకు కావాలనే వెళ్లలేదు, తన ఎదుట జనం మనసులో మాట చెప్పరని. పెద్దవాళ్లు పక్కకు తప్పుకోవడం కూడా ఒక పద్ధతే.

సర్పంచ్ గారూ, అధ్యక్షుల వారూ, ఇవాళ్టి అజెండాలో చివరి అంశం లైబ్రరీని ఇక్కడి నుంచి మండల ఆఫీసు ఆవరణలోకి మార్చే తీర్మానం. దయచేసి దాన్ని చప్పట్లతో ఆమోదించవద్దు. వేదిక మీద ఉన్నవాళ్లం ఎవరమూ ముందు మాట్లాడవద్దు, నాతో సహా. పిల్లలూ, నోటు పుస్తకాల్లోంచి కాగితాలు చింపి చీటీలు చేయండి. ముందు ఆడవాళ్ల వరసలో పంచండి, తరవాత రోజూ సాయంత్రం పేపరు చదవడానికి వచ్చే పెద్దవాళ్లకి. పేరు రాయక్కర్లేదు. ఉండాలో మారాలో, ఎందుకో ఒక్క ముక్క రాయండి, చాలు. లైబ్రేరియన్ గారు అవన్నీ పైకి చదవాలి, ఒకే ఒక్క చీటీ వేరుగా ఉన్నా దాన్ని కూడా చదివి తీర్మానంలోకి ఎక్కించాలి. నా అభిప్రాయం ఆ తరవాతే చెబుతాను. నమస్కారం.