లాభంలో రెండు శాతం: కంపెనీల సామాజిక బాధ్యతపై బెంగళూరు తెలుగు శ్రోతల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలని చట్టం కొన్ని కంపెనీలకు విధించిన సామాజిక బాధ్యత, అంటే సీఎస్‌ఆర్ గురించి మీ సందేహాలకు ఈ వారం నగరంలోని ఒక సీనియర్ చార్టర్డ్ అకౌంటెంట్ సమాధానాలు ఇస్తారు. మొదటి కాల్ మారతహళ్ళి నుండి. చెప్పండమ్మా.

శ్రోత (మారతహళ్ళి): నమస్కారం సార్. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని. మా కంపెనీ ఏటా చెరువుల పరిరక్షణ పేరుతో పరుగు పందెం పెట్టి, తన లోగో ముద్రించిన టీ షర్టులు పంచి, ఆ ఖర్చును సీఎస్‌ఆర్ లెక్కలో చూపుతుందని విన్నాను. అలా చూపవచ్చా?

నిపుణుడు: చూపకూడదమ్మా. తన సరుకుకో సేవకో ప్రచారం రాబట్టుకోవడానికి కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను నిబంధనలు సీఎస్‌ఆర్ వ్యయంగా అంగీకరించవు. అదే డబ్బుతో చెరువు పూడిక తీయిస్తే ఎవరూ ప్రశ్నించరు. ఆనేకల్ తాలూకా క్యాలసనహళ్ళిలో 36 ఎకరాల చెరువు ఒక కంపెనీ సీఎస్‌ఆర్ నిధులతోనే మళ్ళీ నిండింది. ప్రచారం ఖాతా వేరు, సేవ ఖాతా వేరు. ఆ రెండింటినీ కలపకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. పీణ్య నుండి ఒక శ్రోత ఉన్నారు.

శ్రోత (పీణ్య): నమస్కారమండి. మాది యంత్ర భాగాలు తయారు చేసే కర్మాగారం. మా నాన్నగారు రెండు లేత్ మెషీన్లతో మొదలుపెట్టారు, సొంతూరు మదనపల్లె దగ్గర. ఈ సంవత్సరం నుండి మాకూ సీఎస్‌ఆర్ వర్తిస్తుందని మొన్న మా ఆడిటర్ గారు చెప్పేసరికి ఆశ్చర్యం వేసింది. అది పెద్ద పెద్ద కంపెనీల వ్యవహారం కదండీ! పైగా మా ఊరి రామాలయానికి మండపం కట్టిస్తానని పెద్దలకు మాట ఇచ్చి ఉన్నాను. ఆ ఖర్చునే ఇందులో చూపిస్తే...

నిపుణుడు: మండపం సంగతి తరువాత చూద్దాం. మీది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీయా, భాగస్వామ్య సంస్థా?

శ్రోత: ప్రైవేటు లిమిటెడేనండి. పన్నుకు ముందు లాభం నిరుడు 5.7 కోట్లు, అంతకు ముందు 4.2 కోట్లు, దానికి ముందు 3.6 కోట్లు.

నిపుణుడు: అయితే మీ ఆడిటర్ గారు సరిగానే చెప్పారు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. దాని ప్రకారం, గడిచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ, అంటే అప్పులు పోగా మిగిలే ఆస్తి, 500 కోట్లు గాని, టర్నోవర్ 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న ప్రతి కంపెనీ, ఆ సంవత్సరంతో కలిపి గడిచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. మూడింటిలో ఏ ఒక్క హద్దును చేరినా చాలు. మీ సగటు 4.5 కోట్లు కాబట్టి మీరు పెట్టవలసింది 9 లక్షలు. ఆ మొత్తం 50 లక్షలు దాటనంత వరకు ప్రత్యేక కమిటీ అవసరం లేదు, డైరెక్టర్ల బోర్డే ఆ పని చూడవచ్చు. అయితే ముందు బోర్డు తీర్మానం, ఆ తరువాతే చెక్కు. మన చిన్న కంపెనీలలో ఈ వరుస తలకిందులవుతుంది. మార్చి నెలాఖరున ఎవరికో చెక్కు ఇచ్చేసి, తీర్మానానికి వెనుక తేదీ వేయడానికి మా దగ్గరకు వస్తారు.

శ్రోత: అలాగేనండి. మరి మండపం?

నిపుణుడు: కుదరదు. అనుమతించిన పనుల జాబితా అయిన, చట్టంలోని ఏడవ షెడ్యూలులో ఆకలి నివారణ, వైద్యం, విద్య, పారిశుద్ధ్యం, పర్యావరణం వంటివి ఉన్నాయి. చారిత్రక ప్రాధాన్యం గల కట్టడాల పునరుద్ధరణ కూడా ఉంది. గుడికి కొత్త మండపం కట్టడం అందులో లేదు.

శ్రోత: మా కార్మికుల పిల్లలకు ఫీజులు కడితే? అది విద్యే కదండీ.

నిపుణుడు: విద్యే, కాని మీ సొంత ఉద్యోగుల కుటుంబాలకు. అది మీ సంక్షేమ ఖర్చు అవుతుంది గాని సీఎస్‌ఆర్ కాదు. పీణ్యలోని ప్రభుత్వ పాఠశాలకు మరుగుదొడ్లు కట్టించండి, ప్రయోగశాల ఏర్పాటు చేయండి. కర్మాగారం ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమన్నారే గాని మీ సొంతూరి బడికి చేయవద్దని ఎక్కడా అనలేదు.

శ్రోత: ఈ ఏడు ఖర్చు పెట్టలేకపోతే?

నిపుణుడు: 2021 నుండి ఆ వెసులుబాటు పోయింది. అంతకు ముందు కారణం రాస్తే సరిపోయేది. ఇప్పుడు పని నడుస్తూ ఉంటే మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజులలో ప్రత్యేక బ్యాంకు ఖాతాలో వేసి మూడేళ్ళలో ఖర్చు చేయాలి. అటువంటి పనేదీ లేకపోతే ఆరు నెలలలోగా ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి వంటి, షెడ్యూలులో పేర్కొన్న నిధికి బదిలీ చేయాలి. తప్పితే, బదిలీ చేయవలసిన మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది జరిమానా. బాధ్యులైన అధికారులకు వేరే జరిమానా ఉంది.

శ్రోత: అర్థమైందండి. పోనీ, ఆ మండపం మీద కంపెనీ పేరు రాయించకుండా...

నిపుణుడు: అయ్యా, పేరు రాయించినా రాయించకపోయినా మండపం మండపమే! పెద్దలకు మాట ఇచ్చింది మీరు గాని మీ కంపెనీ కాదు కదా. మీ సొంత డబ్బుతో సంతోషంగా కట్టించండి, స్వామివారు ఖాతా పుస్తకం అడగరు.

వ్యాఖ్యాత: చాలామంది వేచి ఉన్నారండి, ధన్యవాదాలు. కె.ఆర్.పురం నుండి కాల్.

శ్రోత (కె.ఆర్.పురం): సార్, భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మేము నాలుగేళ్ళుగా రిజిస్టర్డ్ ట్రస్టు నడుపుతున్నాము. ఒక మధ్యవర్తి, పెద్ద కంపెనీ నుండి నిధి ఇప్పిస్తాను, అందులో కొంత నగదుగా తిరిగి ఇవ్వాలి అంటున్నాడు.

నిపుణుడు: వెంటనే అతనికి నమస్కారం పెట్టి పంపించండి. అది నేరం, మీ ట్రస్టు కూడా మునిగిపోతుంది. మీకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ళ అనుభవం ఉంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో సీఎస్‌ఆర్-1 ఫారం దాఖలు చేసి నేరుగా కంపెనీలను అడగండి. ధైర్యంగా ఉండండమ్మా, మంచి పని చేస్తున్నారు.

వ్యాఖ్యాత: మల్లేశ్వరం నుండి చివరి కాల్. క్లుప్తంగా అడగండి సార్.

శ్రోత (మల్లేశ్వరం): నేను పదవీ విరమణ చేసిన వాడిని, కొన్ని కంపెనీలలో షేర్లు ఉన్నాయి. నాకు రావలసిన లాభంలోంచి ఈ దానం ఎందుకు? వ్యాపారానికి దీని వలన ఒరిగేదేమిటి?

నిపుణుడు: న్యాయమైన ప్రశ్నే. ఆదాయపు పన్ను లెక్కలో దీనిని వ్యాపార ఖర్చుగా తీసివేయనివ్వరు కాబట్టి మీకు భారంగా తోచడం సహజం. కాని మీరున్న చోటికి దగ్గరలోనే, 1909లో మొదలైన భారతీయ విజ్ఞాన సంస్థను చూడండి. జంషెడ్జీ టాటా సంకల్పంతో, మైసూరు సంస్థానం ఇచ్చిన భూమిలో అది వెలిసిన నాటికి ఈ రెండు శాతం చట్టం ఊహలో కూడా లేదు. ఆ తరువాత ఈ ఊరి పరిశ్రమలకు ఎందరు శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు అక్కడి నుండి వచ్చారో మీకు తెలుసు. చదువు, నీరు, ఆరోగ్యం లేని ఊళ్ళో ఏ కంపెనీ ఎక్కువ కాలం లాభం చూడలేదు. అయితే ఒక హెచ్చరిక. మురుగునీటిని శుద్ధి చేయకుండా చెరువులోకి వదిలే కంపెనీ, గట్టు మీద మొక్కలు నాటి ఫొటోలు వేసుకుంటే దానిని నేను సామాజిక బాధ్యత అనను. బెళ్ళందూరు చెరువు నురగలు కక్కి, 2017లో మంటలు లేచిన సంగతి అందరూ చూశారు. శుద్ధి చేయడం కంపెనీ విధి, దాని ఖర్చును ఈ రెండు శాతంలో చూపడానికి వీలు లేదు. మీరు వాటాదారు కాబట్టి బోర్డు నివేదికకు జతచేసే సీఎస్‌ఆర్ అనుబంధం తెరిచి, ఏ పనికి ఎంత పెట్టారో, ఏ సంస్థ ద్వారా పెట్టారో చదవండి. అనుమానం వస్తే వార్షిక సమావేశంలో లేచి అడగండి. ప్రచారం ఖర్చును సేవ ఖాతాలో కలిపారా అన్నది మొదట అడగండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ధన్యవాదాలు సార్. శ్రోతలకు నమస్కారం.